బ్రేకులో గాలి

"తొక్కండి."

"తొక్కాను."

"అలాగే పట్టుకోండి."

"పట్టుకున్నాను."

వెనక చక్రం పక్కన అట్టముక్క మీద పడుకుని, గాలి వదిలే బ్రేకు నిపుల్‌ని స్పానర్‌తో పావు చుట్టు తిప్పాను. దానికి తగిలించిన సన్నటి గాజురంగు ట్యూబులోంచి బ్రేకాయిలు బుడగలు బుడగలుగా కింద పెట్టిన సీసాలోకి దిగింది. ఇంకొక్క క్షణం ఆగుంటే నిపుల్ మూసేసేదాన్నే.

"అయ్యయ్యో, కిందికి పోతోందమ్మా!"

డ్రైవరు సీట్లోంచి కేక. ఆ వెనకే పెడల్ టప్పున పైకి లేచిన చప్పుడు. సీసాలోకి దిగిన ఆయిలు, దాంతోపాటు బుడగలూ గుటుక్కున ట్యూబులోకి వెనక్కి వెళ్ళిపోయాయి.

"కాలెత్తొద్దన్నానా డాక్టరుగారూ! నేను వదలండి అనేదాకా ఎత్తొద్దు!"

"అది కాదమ్మా, పెడల్ నేలదాకా పోయింది. ఏదైనా విరిగిందేమోనని..."

"నేలదాకా పోవడానికే కదండీ తొక్కమంది!"

"ఓహో. అయితే మంచిదే అన్నమాట."

మంచిదే. తీసిన గాలినంతా మళ్ళీ లోపలికి పంపించాం, ఇంకేం కావాలి.

ఆయన పళ్ళ డాక్టరు. యాభై దాటిన మనిషి. మా అత్తయ్య డ్రైవింగ్ స్కూల్లో అందరికంటే సీనియర్ విద్యార్థి, ఎందుకంటే మూడుసార్లు పరీక్ష తప్పాడు. మూడుసార్లూ బ్రేకు దగ్గరే. పెడల్‌ని ఆయన తొక్కడు, పలకరిస్తాడు. పొద్దున పదింటికి క్లాసుకని మా షెడ్డుకొచ్చేసరికి స్కూలు బండి నాలుగు స్టాండ్ల మీద చక్రాల్లేకుండా నిలబడి ఉంది. అత్తయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "కూర్చోండి డాక్టరుగారూ, మా మేనకోడలు చెప్పినట్టు బ్రేకు తొక్కండి, ఇదీ ప్రాక్టీసే" అని ఆయన్ని సీట్లో కూర్చోబెట్టేసింది. అత్తయ్యకి ఎవరి ఖాళీ టైమన్నా కనిపిస్తే చేతులు దురద.

ఆమెను తప్పుపట్టడానికి లేదు. అత్తయ్యకున్నది ఒకటే బండి. దాని నెత్తి మీద ఒక పసుపు బోర్డు, పక్క సీటు ముందు ఆమె కాలికి అందేలా ఇంకో బ్రేకు పెడల్. ఇరవై రెండేళ్ళు ఒక ఆఫీసులో వేరేవాళ్ళ ఉత్తరాలు టైపు కొట్టి, నలభై ఐదో ఏట లేచి నిలబడి పెట్టుకున్న స్కూలు అది. ఆ బండికి ఏడాదికోసారి జరిగే తనిఖీ ఈరోజు మూడు గంటలకి. నేర్పడానికి ఇచ్చిన అనుమతి ఈ రాత్రితో అయిపోతుంది. ముద్ర పడితే ఇంకో ఏడాది. పడకపోతే మళ్ళీ మొదట్నుంచి దరఖాస్తు, మూడు నెలలు బండి కదలదు. వచ్చే వారం పరీక్షకి కూర్చోబోయే పదకొండుమంది వేరే స్కూలు చూసుకుంటారు, ఇక తిరిగి రారు. ఆ సంగతి అత్తయ్య పొద్దున్నించి నాకు ఆరుసార్లు చెప్పింది. ఏడోసారి చెప్పడానికి ఇప్పుడు వస్తోంది.

"ఏమే, అయిందా?"

"అవుతోంది అత్తయ్యా."

"నిన్న సాయంత్రం కూడా అవుతోందన్నావు."

"నిన్న వేరే పని అవుతోంది."

నిన్నటి పని సంగతి చెప్పాలి. మొన్న అత్తయ్య బండి తెచ్చి, బ్రేకు మెత్తబడింది, తొక్కితే దూదిలో దిగినట్టు దిగుతోంది అంది. చూస్తే ముందు చక్రాలు రెండింటి దగ్గరా కాలిపర్లు చెమ్మగిల్లి ఉన్నాయి. కాలిపర్ అంటే ఏం లేదు, చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళేన్ని రెండు పక్కల్నుంచీ పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టి ఆపేది. లోపలి రబ్బరు సీలు అరిగితే ఆయిలు కారుతుంది. సీళ్ళు మార్చాలి. అంతే.

ఇక్కడే బాబాయికీ నాకూ రోజూ జరిగేదే జరిగింది. షెడ్డు బాబాయిది. ఆయనకి ముప్ఫై ఏళ్ళ అనుభవం, నాకు ఆటోమొబైల్ డిప్లొమా. ఆయన పద్ధతి ఏమిటంటే, ఒక చక్రం విప్పి, పని చేసి, బిగించి, చెయ్యి కడుక్కుని, అప్పుడు రెండోది ముట్టుకోవాలి. ఎందుకు బాబాయ్ అంటే, "అది అంతే" అంటాడు. అది అంతే అనేది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నేను రెండు కాలిపర్లూ ఒకేసారి ఊడదీసి, ఒకే తట్టలో కడిగి, బల్ల మీద వరసగా పెట్టి, రెండింటికీ పిస్టన్లు తీసి, రెండింటికీ సీళ్ళు వేసి, పళ్ళేన్ని అదిమే ప్యాడ్లు ఆయిలుకి తడిసిపోతే అవీ కొత్తవి పెట్టి, రెండూ బిగించాను. ఒకే స్పానర్ రెండుసార్లు వెతుక్కోనక్కర్లేదు. గంట పని ఆదా. బాబాయి అటువైపు ఒక వ్యాను గేర్‌బాక్సు కింద పడుకుని అంతా చూసి, "ఇంజినీరమ్మ ఫ్యాక్టరీ పెట్టింది" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

కాలిపర్లు ఊడదీశామంటే పైపుల్లోకి గాలి వెళ్తుంది. బ్రేకాయిలు నొక్కితే నలగదు, అందుకే కాలి బలం చక్రందాకా చేరుతుంది. గాలి నలుగుతుంది. పైపులో ఒక బుడగున్నా చాలు, మనం తొక్కే తొక్కంతా ఆ బుడగని పిసకడానికే సరిపోతుంది, చక్రందాకా ఏమీ పోదు. అందుకే ఆ గాలి తీయాలి. ఒకరు లోపల కూర్చుని తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ తెరిచి గాలి వదిలి మూయాలి. మూసేదాకా పైవాళ్ళు కాలెత్తకూడదు. ఇంత సులువైన పని ప్రపంచంలో ఇంకోటి లేదు, పైన కూర్చున్నది పళ్ళ డాక్టరు కాకపోతే.

"డాక్టరుగారూ, మళ్ళీ. తొక్కండి."

"తొక్కాను. ఈ వాసన ఆయిలుదేనా అమ్మా?"

"పట్టుకోండి."

"పట్టుకున్నాను. చేపనూనె వాసనలా ఉంది. కళ్ళకేమైనా ప్రమాదమా?"

"వదలండి."

"వదిలాను. చేతికి గ్లవుజులు వేసుకోవాల్సిందమ్మా నువ్వు."

జీవితమంతా నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడిన మనిషి ఆయన. జవాబు కోసం ఆగడం అలవాటు లేదు.

వెనక రెండు చక్రాలూ అయ్యాయి. ముందుకొచ్చి ఎడంది తీశాను, కుడిది తీశాను. బుడగలు వచ్చాయి, తగ్గాయి, ఆగాయి. ట్యూబులో ఆయిలు తేనెలా నిలకడగా దిగింది. హమ్మయ్య అనుకుని, డాక్టరుగారిని లేపి, నేనే సీట్లో కూర్చుని తొక్కాను.

పెడల్ మెత్తగా, నింపాదిగా, నేల పక్కకి వెళ్ళి కూర్చుంది.

రెండోసారి గబగబా తొక్కాను. కొంచెం పైన ఆగింది. మూడోసారి ఇంకొంచెం పైన. కాసేపు వదిలి మళ్ళీ తొక్కితే మొదటికొచ్చింది. అంటే లోపల ఇంకా గాలుంది.

నాలుగు చక్రాలూ మళ్ళీ తీశాను. మళ్ళీ మెత్తనే. మూడోసారి తీశాను. రెండు డబ్బాల ఆయిలు అయిపోయింది. పన్నెండయింది. డాక్టరుగారు మధ్యలో ఒకసారి టీ తాగి వచ్చి, ఎవరూ అడక్కుండానే సీట్లో కూర్చుని, "తొక్కమంటావా?" అన్నాడు. ఆయనకిది నచ్చేసినట్టుంది.

బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కిటికీలోంచి కాలు పెట్టినంత పని చేసి, డాక్టరుగారి మోకాళ్ళ మీదుగా ఒంగి చేత్తో పెడల్ నొక్కి చూశాడు. ఒక్కసారి.

"మాస్టర్ సిలిండర్ పోయింది" అన్నాడు.

మాస్టర్ సిలిండర్ అంటే బానెట్ కింద, పెడల్ తొక్కగానే ఆయిల్ని నాలుగు చక్రాలకీ తోసేది. అది పోయిందంటే కొత్తది తెప్పించాలి. ఈరోజు మూడింటిలోపు అయ్యే పని కాదు. అత్తయ్య మొహం తెల్లబోయింది.

"చేత్తో ఒకసారి నొక్కి ఎలా చెప్తావు బాబాయ్?"

"ముప్ఫై ఏళ్ళు నొక్కాను కాబట్టి."

"అదో కారణమా?"

"మరి నువ్వు మూడుసార్లు గాలి తీసి ఏం చెప్పావు? ఇంకా గాలుందనే కదా. గాలి తీసేకొద్దీ గాలుంటే అది గాలి కాదమ్మా, సిలిండరే."

"గాలి కాదు, సిలిండరు అని అరిచి చెప్పినంత మాత్రాన..."

"అరిచిందెవరే?"

"మీరిద్దరూ అరుస్తున్నారు" అంది అత్తయ్య, ఇద్దరికంటే గట్టిగా. "నాకు టైమెంతయిందో తెలుసా?"

ఇక మాటలతో లాభం లేదని మూడు క్లాంపులు తెచ్చాను. రబ్బరు పైపుల్ని నలగ్గొట్టకుండా నొక్కిపెట్టే క్లాంపులు. కాలేజీలో నేర్చుకున్నవాటిలో నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరి అనుభవంతోనూ పని లేదు. ముందు చక్రాల పైపులు రెండూ, వెనకవైపు పైపు ఒకటీ మూసేశాను. ఇప్పుడు మాస్టర్ సిలిండర్ ఒక్కటే మిగిలింది.

"తొక్కండి డాక్టరుగారూ."

"అమ్మో! రాయిలా ఉందమ్మా. దిగడం లేదు."

నేను బాబాయి వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. సిలిండరు పోయుంటే పైపులు మూసినా పెడల్ దిగాలి. దిగలేదు కాబట్టి సిలిండరు బాగానే ఉంది. వెనక క్లాంపు తీశాను. కొద్దిగా దిగి గట్టిగా ఆగింది. వెనక చక్రాలూ బాగున్నాయి. ముందు ఎడమది తీశాను.

"మెత్తబడిందమ్మా."

దాన్ని మళ్ళీ మూసి, కుడిది తీశాను.

"ఇదీ మెత్తనే. పాపం."

గాలి ముందు చక్రాల్లో ఉంది. రెండింట్లోనూ. సరిగ్గా నేను మూడేసిసార్లు గాలి తీసిన చోట.

"సరే, సిలిండరు కాదు" అన్నాడు బాబాయి. ఒప్పుకుంటే ఆయన పూర్తిగా ఒప్పుకుంటాడు, అదింకా ఒళ్ళు మండిస్తుంది. "మరి గాలెందుకు రావట్లేదు ఇంజినీరమ్మా?"

నాకు తెలీదు. బాబాయి వ్యాను కిందికి వెళ్ళిపోయాడు. నేను నాలుగోసారి ముందు చక్రాల దగ్గర కూర్చున్నాను. గట్టిగా తొక్కించాను, మెల్లగా తొక్కించాను, కాలిపర్ని సుత్తి పిడితో తట్టుతూ తొక్కించాను. ఒక్క బుడగ కూడా రాలేదు. పెడల్ మాత్రం దూదే. లోపలున్న గాలి నన్ను చూసి ఓ మూలకి వెళ్ళి నక్కి కూర్చుందా? కూర్చుందనే అనిపించింది. బుడగలకి బుద్ధి ఉండదని రెండో సెమిస్టర్లోనే చదువుకున్నా సరే.

ఒంటిగంటంపావుకి అత్తయ్య ఫైలు చంకలో పెట్టుకుని, జుట్టు దువ్వుకుని వచ్చింది. గొంతు తగ్గించింది. అత్తయ్య గొంతు తగ్గించిందంటే భయపడాలి.

"చక్రాలు బిగించెయ్."

"అవలేదు అత్తయ్యా."

"అవసరం లేదు. మూడుసార్లు తొక్కితే గట్టిపడుతోంది కదా? చూశాను పొద్దున్నించి. బండి తనిఖీలోకి ఎక్కించేటప్పుడు నా పక్క పెడల్‌తో నేను ముందే నాలుగు తొక్కులు తొక్కి పెడతాను. ఇన్‌స్పెక్టరు తొక్కేసరికి గట్టిగా ఉంటుంది. ముద్ర వేయించుకుని నేరుగా ఇక్కడికే తెస్తాను. నువ్వు నెల రోజులు కూర్చుని గాలి తీసుకో."

వినగానే నాకు కోపం రాలేదు. అదీ అసలు భయం. బాగానే ఉందే అనిపించింది. నిజంగానే పనిచేస్తుంది. ఆ నాలుగు తొక్కుల పట్టు కొన్ని క్షణాలుంటుంది, తనిఖీకి అవి చాలు.

"ఇక్కణ్ణించి అక్కడికి పదిహేను నిమిషాలు నడపాలి" అన్నాను.

"నడపడం నాకు నేర్పుతావా?"

"సిగ్నల్ దగ్గర ఎవరైనా అడ్డొస్తే నాలుగుసార్లు తొక్కేదాకా వాళ్ళు ఆగుతారా అత్తయ్యా?"

"నేను మెల్లగా వెళ్తాను."

"ఎవరూ మెల్లగా అడ్డం రారు."

"తాళం ఇటివ్వు."

తాళం బండికి లేదు. పొద్దున్నే తీసి నా జేబులో వేసుకున్నాను. అత్తయ్య చెయ్యి చాచి నిలబడింది. ఆ చేతి మీద టైపు మిషన్ మీద ఇరవై రెండేళ్ళు కొట్టి కొట్టి వంకరపోయిన చిటికెనవేలు. నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

"నా బండి తాళం నాకివ్వకపోవడానికి నువ్వెవరే?"

"దీన్ని విప్పినదాన్ని."

"అయితే బిగించి ఇవ్వు! రేపట్నించి ఆ పదకొండుమందికీ నువ్వు జవాబు చెప్తావా? ఒక్క బండి, ఒక్కటంటే ఒక్కటి, అదీ నీ చేతిలో పెట్టాను చూడు, నన్ననాలి."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు నోరు ఇంకా పదునెక్కుతుంది. ఏదో అనబోయేలోపు సీట్లోంచి డాక్టరుగారు తల బయటికి పెట్టాడు.

"అమ్మా, ఒక్క సందేహం."

"ఇప్పుడొద్దండీ."

"చిన్నదే. మేం సూది వేసే ముందు సిరంజిలో గాలి తీస్తాం కదా. అప్పుడు సూది మొన పైకి పట్టుకుని తీస్తాం. గాలి పైకి చేరుతుంది కాబట్టి. నువ్వేమో పొద్దున్నించి కిందనుంచి తీస్తున్నావు. బ్రేకుల్లో గాలి కిందికి చేరుతుందా?"

"బ్రేకుల్లోనూ పైకే చేరుతుందండీ. అందుకే నిపుల్ ఎప్పుడూ కాలిపర్‌కి పైనే ఉంటుం..."

నోరు మూసుకుని కిందికి చూశాను.

నిపుల్ కింద ఉంది.

కాలిపర్ అడుగున, నేల వైపుకి, బుద్ధిగా తొంగి చూస్తూ ఉంది. ఆయిలు పైపు వచ్చి తగిలే చోటు పైన ఉంది. పరుగున అటువైపు వెళ్ళాను. అక్కడా అంతే. పైపు కొంచెం మెలి తిరిగుంది కూడా. నిన్న బిగించేటప్పుడు ఆ మెలి చూశాను. చూసి, పైపు పాతది కదా అనుకున్నాను.

కుడివైపు కాలిపర్ ఎడమవైపు ఉంది. ఎడమది కుడివైపు ఉంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండు బోల్టులూ చక్కగా పడతాయి, చక్రం తిరుగుతుంది, అన్నీ బాగుంటాయి. ఒక్కటే తేడా, నిపుల్ అడుగుకి పోతుంది. పొద్దున్నించి నేను కిందనుంచి శుభ్రమైన ఆయిలంతా వంచి పారబోస్తుంటే, గాలి పైన గూట్లో హాయిగా కూర్చుంది. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తీసినా రాదు. ఒకదాని తర్వాత ఒకటి విప్పుంటే ఇలా మారే వీలే లేదు. ఒకే తట్టలో కడిగితేనే మారతాయి.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"కాలిపర్లు తారుమారయ్యాయి."

బాబాయి అప్పటికే వచ్చి నిలబడ్డాడు. అత్తయ్య గిర్రున ఆయన మీదికి తిరిగింది. ఆమెకి తమ్ముణ్ణి తిట్టడం ఊపిరి తీసుకున్నంత సులువు.

"ఒరేయ్, ముప్ఫై ఏళ్ళ అనుభవం ముప్ఫై ఏళ్ళ అనుభవమని చెవులు చిల్లులు పొడుస్తావు కదరా! ఏది ఎటువైపుదో తెలీదూ నీకు? సిలిండరు పోయిందట, సిలిండరు! నీ షెడ్డుకి తెచ్చాను చూడు, నా బుద్ధి తక్కువ!"

బాబాయి చేతిలో గుడ్డముక్కని ఇటూ అటూ మడతపెట్టాడు. నా వైపు చూడనైనా చూడలేదు. ఆయనలా నిలబడితే నేను కూడా అలాగే నిలబడిపోవచ్చు. చాలా వీలుగా ఉంది. అత్తయ్య ఎలాగూ ఆయన్ని రోజూ తిడుతుంది, ఇంకో రోజు తిడితే ఆయనకి కొత్తగా పోయేదేమీ లేదు. అలా ఓ మూడు క్షణాలు నిజంగానే నిలబడ్డాను.

"బాబాయి వాటిని ముట్టుకోనేలేదు అత్తయ్యా" అన్నాను. "రెండూ నేనే విప్పాను. నేనే బిగించాను. ఒక్కొక్కటే చెయ్యమని ఆయన చెప్పాడు, గంట ఆదా అవుతుందని నేను వినలేదు."

అత్తయ్య నన్ను చూసింది. తర్వాత గడియారం చూసింది.

"ఎంతసేపు?"

"మామూలుగా గంటన్నర."

"గంటలో బయల్దేరాలి."

"అయితే నిలబడి మాట్లాడకండి" అన్నాడు బాబాయి. అని, నేనింకా స్పానర్ అందుకునేలోపే కుడి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నువ్వు ఎడంది విప్పు. నేనిది విప్పుతాను. విప్పి నా చేతికియ్యి, నేను నీ చేతికిస్తాను. కింద పెట్టొద్దు. బల్ల మీద అస్సలు పెట్టొద్దు."

ఇద్దరం ఒకేసారి విప్పాం. బానెట్ మీదుగా కాలిపర్లు చేతులు మార్చుకున్నాం, చేతులనిండా ఆయిలు కారుతుంటే. పైపు చివర వేసే రాగి వాషర్లు కొత్తవి వేయాలి, ఒకసారి నలిగినవి మళ్ళీ పనికిరావు. పెట్టెలో సరిగ్గా నాలుగున్నాయి. ఒకటి జారి కాలవ వైపు దొర్లుతుంటే అత్తయ్య చెప్పు అడ్డం పెట్టి ఆపింది. బోల్టులు బిగించాం. ఈసారి నేను ముందు నిపుల్ ఎక్కడుందో చూశాను. పైన ఉంది. బాబాయి కూడా చూశాడు. తర్వాత అత్తయ్య వచ్చి, ఏం చూడాలో తెలీకపోయినా, రెండువైపులా ఒంగి చూసింది.

"తొక్కండి డాక్టరుగారూ."

"తొక్కాను."

"పట్టుకోండి."

"పట్టుకున్నాను. ఎత్తనమ్మా. నువ్వు చెప్పేదాకా చచ్చినా ఎత్తను."

నిపుల్ తెరిచాను. ట్యూబులో ముందు ఆయిలే రాలేదు. ఒక పెద్ద గాలి ముద్ద బుస్సున వచ్చింది, దాని వెనక నురగ, ఆ వెనక బొట్లు బొట్లుగా బుడగలు. నా జీవితంలో అంత అందమైన నురగ చూడలేదు. మూశాను. వదలండి అన్నాను. వదిలాడు. పన్నెండుసార్లు ఈ పక్క, పద్నాలుగుసార్లు ఆ పక్క. బానెట్ కింద బ్రేకాయిలు ఉండే డబ్బాలో మట్టం తగ్గకుండా బాబాయి పోస్తూ నిలబడ్డాడు, ఎందుకంటే ఇప్పుడు అది గానీ ఖాళీ అయిందంటే పైనుంచి గాలి లాక్కుని మళ్ళీ మొదటికి వస్తాం. చివరి తొక్కుకి డాక్టరుగారు మాట్లాడలేదు. ఏమైందా అని తల ఎత్తి చూశాను.

"సగంలోనే ఆగిపోయిందమ్మా" అన్నాడు మెల్లగా. "రాయి."

చక్రాలు బిగించి, స్టాండ్లు తీసి బండిని కిందికి దించాం. ఇంజిను ఆన్ చేసి నేను తొక్కి చూశాను. బాబాయి చూశాడు. షెడ్డు ముందున్న ఖాళీలో ముందుకీ వెనక్కీ పదిసార్లు నడిపి ఆపాను. ఆగింది. తొక్కిన చోట, తొక్కినంత.

రెండు ముప్ఫై ఆరుకి బయల్దేరాం. అత్తయ్య నడిపింది. పక్కన నేను, వెనక డాక్టరుగారు. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు, వద్దనడానికి ఎవరికీ టైము లేదు. సిగ్నల్ దగ్గర ఒక స్కూటర్ అడ్డం తిరిగితే బ్రేకు వేసింది. బండి ఆగింది. స్కూటరతను వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. అత్తయ్య అతను మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చుని, వెనకవాళ్ళు హారన్ కొడితే కదిలింది.

మూడుకి నాలుగు నిమిషాలుండగా గేటు దాటాం. ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి, జలుబు చేసినట్టుంది, ప్రతి మాటకీ ముక్కు ఎగబీలుస్తున్నాడు. ముందు చక్రాల్ని నేలలో ఉన్న ఇనప రోలర్ల మీదికి ఎక్కించాడు. రోలర్లు చక్రాల్ని తిప్పుతాయి, ఆయన బ్రేకు తొక్కుతాడు, గోడ మీది రెండు ముళ్ళు ఏ చక్రం ఎంత పట్టిందో చూపిస్తాయి. రెండూ ఇంచుమించు కలిసి లేవాలి. అత్తయ్య ఫైలుని రెండు చేతుల్తో గుండెకి అదుముకుంది. ఆమె కుడికాలు నేల మీద తొక్కుతోంది. ఆమెకి తెలిసినట్టు లేదు.

ముళ్ళు లేచాయి. ఎడంది ముందు, కుడిది ఒక వెంట్రుకవాసి వెనక. ఆగాయి.

"కుడివైపు కొంచెం తక్కువుంది" అన్నాడు.

"కొత్త ప్యాడ్లండీ" అన్నాను. "ఇంకా పూర్తిగా కూర్చోలేదు. తేడా ఎంతుందో చూడండి."

ఆయన చూశాడు. ముక్కు ఎగబీల్చాడు. కాయితం మీద ఏదో అంకె రాశాడు. వెనక చక్రాలు చూశాడు, చేతిబ్రేకు చూశాడు, అత్తయ్య పక్క పెడల్ చూశాడు, లైట్లు చూశాడు. అద్దం మీద ఉన్న చిన్న పిట్ట రెట్ట తుడవమన్నాడు. తర్వాత ముద్ర ఊది ఊది వేశాడు.

అత్తయ్య ముద్ర ఆరేదాకా కాయితాన్ని గాల్లో ఆడిస్తూ బయటికొచ్చింది. నేను వెనక వెనక నడిచాను. బండి దగ్గర ఆగి డాక్టరుగారితో, "మీ క్లాసు పోయింది పాపం పొద్దున్నించి. మీరు నడపండి, షెడ్డుదాకా" అంది. ఆయన ఆనందంగా వెళ్ళి కూర్చున్నాడు. అత్తయ్య ఆయన పక్కన, కాయితం ఫైలు మీద, ఫైలు ఒళ్ళో. నేను వెనక.

బండి కదిలిందో లేదో నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. గంట ఆదా చేశావు కదూ? ఏం చేసుకున్నావు ఆ గంట? నా ఆయుష్షులో పదేళ్ళు ఊడ్చి ఆ గంట మిగిల్చావు. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఇరవై రెండేళ్ళు ఆ ఆఫీసులో ఎవరెవరి ఉత్తరాలో టైపు కొట్టాను, ఏనాడూ నా గుండె ఇలా..."

గేటు దగ్గర ఎవరో నడిచి వెళ్తున్నారు. చాలా దూరంలో. డాక్టరుగారు బ్రేకు తొక్కాడు.

పొద్దున్నించి ఆయన కాలు నేర్చుకున్నది నేలదాకా తొక్కడం. బండి స్తంభానికి గుద్దుకున్నట్టు ఆగింది. నా ముక్కు ముందు సీటుకి కొట్టుకుంది. ఫైలు ఎగిరి అద్దానికి తగిలి, కాయితాలన్నీ అత్తయ్య కాళ్ళ దగ్గర కుప్పగా పడ్డాయి. ఇంజిను ఆగిపోయింది. గేటు దగ్గర నడిచే మనిషి ఆగి మావైపు చూసి, మళ్ళీ నడిచాడు.

"నేను మామూలుగానే తొక్కానమ్మా" అన్నాడు డాక్టరుగారు, రెండు చేతులూ స్టీరింగు మీదనుంచి ఎత్తేసి.

"అది మామూలు కాదు!" అంది అత్తయ్య. "ఇకమీదట తొక్కకండి. ఆనించండి. కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు. అసలు మీకు ఇన్నాళ్ళూ నేను చెప్పిందేమిటి, గట్టిగా తొక్కండి గట్టిగా తొక్కండి అని నెత్తీ నోరూ కొట్టుకుంటే ఇన్నాళ్ళూ తొక్కలేదు, ఈరోజే తొక్కాలా? స్టార్ట్ చెయ్యండి. మళ్ళీ మొదట్నుంచి."

నేను సీట్ల మధ్యలోంచి ఒంగి కాయితాలు ఏరుతున్నాను. ముద్ర వేసిన కాయితం అన్నిటికంటే అడుగున దొరికింది.

"ఆ చేతులతోనా!" అని అరిచింది అత్తయ్య. "బ్రేకాయిలు చేతులతో పట్టుకుంటావా దాన్ని? ముద్ర కరిగిపోతుందే! పెట్టు! కింద పెట్టు! వద్దు, కింద పెట్టకు, తుక్కుంది... అంచు పట్టుకో!"

నేను అంచు పట్టుకున్నాను. రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి, షెడ్డు దాకా.